వాళ్ళు మనల్ని రావద్దనగలరా?

మా పిన్ని కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు. వచ్చే జులైలో ఆఫ్రికాలోని నమీబియా వెళ్తున్నాడట. ఇసుక దిబ్బలు, ఎతోషాలో ఏనుగులు చూశాక హింబా తెగవాళ్ళ ఊరు కూడా చూడాలనుందని మొన్న ఫోన్ చేశాడు. "అక్కా, నువ్వు అక్కడ మూడేళ్ళున్నావు కదా. అలా వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చూడటం తప్పంటావా? కొందరు దాన్ని మనుషుల జూ అంటున్నారు. మనం వెళ్తేనే వాళ్ళకు నాలుగు డబ్బులొస్తాయని ఇంకొందరు అంటున్నారు" అన్నాడు. అప్పటికి ఏదో చెప్పాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నా జవాబు నాకే నచ్చలేదు. వెళ్ళు అనీ చెప్పలేదు, మానెయ్ అనీ చెప్పలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని ఇది రాస్తున్నాను.

హింబాలు నమీబియా వాయవ్య మూలన ఉన్న కునేనే ప్రాంతంలో, కునేనే నదికి అవతల దక్షిణ అంగోలాలో ఉంటారు. మొత్తం యాభై వేల మంది దాకా ఉంటారని అంచనా. ఆవులు, మేకలు, గొర్రెలే వాళ్ళ బతుకు, వాళ్ళ ఆస్తి, వాళ్ళ పరువు. మాట్లాడేది హెరెరో భాషలో ఒక యాస. తెలుగులో వీళ్ళ గురించి వెతికితే మాత్రం ఇవేవీ ముందుగా దొరకవు. "జీవితంలో ఒక్కసారే స్నానం చేసే తెగ", "అతిథికి భార్యను అప్పగించే తెగ" అనే యూట్యూబ్ థంబ్‌నెయిళ్ళు వరసగా వస్తాయి. నేను వెళ్ళక ముందు నాకు తెలిసింది కూడా అంతే. మనం అక్కడ ఎలా ప్రవర్తిస్తామన్నది విమానం ఎక్కక ముందే ఈ బొమ్మల దగ్గర సగం తేలిపోతుందని ఇప్పుడు అనిపిస్తోంది.

నేను మొదటిసారి వెళ్ళింది 2019 ఆగస్టులో. ఆఫీసు వాళ్ళం ఎనిమిది మందిమి ఒక టూరు బండి మాట్లాడుకున్నాం. రాజధాని విండ్‌హుక్ నుంచి ఒపువో దాదాపు ఏడు వందల కిలోమీటర్లు. కామంజాబ్ దాటాక ఒక గేటు వస్తుంది. ఉత్తరాది పశువుల జబ్బులు దక్షిణానికి రాకుండా దేశం అడ్డంగా వేసిన కంచెకు అది గేటు. అక్కడి నుంచి దారి పొడవునా మనుషుల కంటే మేకలే ఎక్కువ కనిపిస్తాయి. కునేనేకు ముఖ్యపట్టణం ఒపువో. అక్కడి సూపర్ మార్కెట్ బిల్లు క్యూలో నా ముందు ఒళ్ళంతా ఎర్రగా మెరిసిపోతున్న హింబా ఆవిడ పంచదార పొట్లం పట్టుకుని నిలబడింది. ఆవిడ ముందు నేల జీరాడే గౌను తొడుక్కుని, ఆవు కొమ్ముల్లా రెండు వైపులా సాగిన తలకట్టు కట్టుకున్న హెరెరో ఆవిడ. వెనకాల యూనిఫాంలో బడిపిల్లలు. వాళ్ళల్లో ఎవరూ ఎవర్నీ వింతగా చూడటం లేదు. చూస్తున్నది మా ఎనిమిది మందిమే.

ఆ క్యూలోనే మా గైడ్ మొక్కజొన్న పిండి బస్తాలు, నూనె, పంచదార, పొగాకు కొనిపించాడు. ఊరికి వెళ్ళేటప్పుడు అవి పట్టుకెళ్ళడం అక్కడ ఆనవాయితీ. ఇరవై నిమిషాల్లో ఊరు చేరాం. బండి ఏకంగా గుడిసెల మధ్యకు వెళ్ళి ఆగింది. దిగీ దిగగానే అందరి చేతుల్లోకీ కెమెరాలు వచ్చేశాయి.

ఒక గుడిసె నీడలో నా వయసు ఆవిడ కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. పక్కన పసుపు రంగు ప్లాస్టిక్ నీళ్ళ డబ్బా ఉంది. మాలో ఒకాయన గైడ్‌తో, "ఆ ఫోన్ పక్కన పెట్టమనండి, ఫోటో పాడవుతోంది" అన్నాడు. ఆయన అన్నది ఫోన్ గురించి మాత్రమే. డబ్బా కూడా తీసేయమంటే బాగుంటుందని చెప్పింది నేను. గైడ్ ఏదో అన్నాడు. ఆవిడ ఫోన్‌ని నడుముకు కట్టుకున్న తోలు కింద దాచేసింది. ఒక పిల్లాడు డబ్బాను గుడిసె వెనక్కి లాక్కుపోయాడు. మాకు మంచి ఫోటోలు వచ్చాయి.

ఆవిడ కాదనలేదు. ఎందుకు కాదనలేదని చాన్నాళ్ళు ఆలోచించాను. అది ఘోరమైన కరువు సంవత్సరం. మే నెలలోనే దేశమంతా కరువు ఎమర్జెన్సీ ప్రకటించారు. కునేనేలో అప్పటికే వరసగా కొన్నేళ్ళుగా వానల్లేవు. దారిలో డొక్కలు తేలిన ఆవుల్ని చూస్తూనే వచ్చాం. మా బండి డిక్కీలో పిండి బస్తాలున్నాయి. ఎనిమిది మంది పరాయివాళ్ళు వాకిట్లో నిలబడి ఫోన్ తీసెయ్యమంటే, బస్తాలు ఇంకా బండి దిగని ఆ క్షణంలో, ఆవిడ ఏమంటుంది? నలభై నిమిషాల్లో మేం వెళ్ళిపోయాం. ఆవిడ పేరు కూడా నేను అడగలేదు.

మా తమ్ముడికి ఇవ్వాల్సిన జవాబు ఆ ఫోన్ దగ్గరే ఉంది. మనం వెళ్ళడం తప్పా ఒప్పా అన్నది అన్ని ఊళ్ళకూ కలిపి ఒకే మాటతో తేల్చలేం. ఆ ఇంటివాళ్ళు మనల్ని రావద్దనగలరా, ఫోటో వద్దనగలరా, ఇక చాలు వెళ్ళండి అనగలరా, అలా అన్నాక వాళ్ళకు నష్టం లేకుండా ఉంటుందా అన్నదే నేను చూసుకునే కొలత. ఆ వీలున్న చోట మనం అతిథులం. లేని చోట, డబ్బు ఎంతిచ్చినా ఎంత మెత్తగా మాట్లాడినా, వాళ్ళ ఇంట్లోకి జొరబడినవాళ్ళమే.

ముందు ఆ స్నానం సంగతి చెప్పాలి. ఇది వదిలేస్తే మిగతాది అర్థం కాదు. హింబా స్త్రీలు ఒంటికీ జుట్టుకూ పూసుకునేది ఒత్జిజే. వెన్న, నూరిన ఎర్ర రాయి పొడి కలిపి చేస్తారు. పరిమళానికి చెట్ల బంక కలుపుతారు. మగవాళ్ళు పూసుకోరు. నీళ్ళు అపురూపమైన ఆ నేల మీద ఆడవాళ్ళు ఒళ్ళు శుభ్రం చేసుకునేది పొగతో. చిన్న చట్టిలో నిప్పులు వేసి, వాటి మీద సువాసన ఆకులు, కొమ్మలు వేసి, ఆ పొగ మీదికి వంగుతారు. చెమట పట్టేదాకా దుప్పటి కప్పుకుని కూర్చుంటారు. రెండోసారి వెళ్ళినప్పుడు ఇది దగ్గర్నుంచి చూశాను. చూస్తుంటే మా ఇంట్లో బాలింతకు తలంటి పోశాక నులక మంచం కింద నిప్పుల కుంపటి పెట్టి సాంబ్రాణి వేసి, జుట్టు మంచం మీంచి కిందికి వేలాడదీసి ఆరబెట్టే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. వాళ్ళు పరిమళానికి వాడే ఒముంబిరి బంక ఇచ్చే చెట్టు, మన మహిసాక్షి గుగ్గిలం ఇచ్చే చెట్టు ఒకే కుటుంబంలో అక్కచెల్లెళ్ళ లాంటివి. రెండూ కోమిఫోరా అనే జాతివే. ఈ సంగతి తెలిసిన తెలుగువాడు "స్నానం చేయని తెగ" అని టైటిల్ పెట్టలేడు. తెలుసుకునే ఓపిక లేకనే పెడుతున్నారు.

భార్యల గురించిన ఆ రెండో టైటిల్ గురించి ఎక్కువ రాయను. పెళ్ళి, కాపురం, పిల్లల విషయంలో వాళ్ళ కట్టుబాట్లు వాళ్ళకున్నాయి. వాటి మీద మానవశాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి వాళ్ళ మధ్య ఉండి పరిశోధనలు చేశారు. కానీ మన వీడియోల్లో ఆ ఒక్క ముక్కే పట్టుకుని, పైకి నవ్వుతూ లోపల ఆశపడుతూ ఊళ్ళోకి దిగే మగవాళ్ళను నేను కళ్ళారా చూశాను. గైడ్‌ని ఆ ప్రశ్న అడిగి వెకిలిగా నవ్వినవాడు మా బండిలోనే ఉన్నాడు. గైడ్ ముఖం మాడిపోయింది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళకు తెలుగు రాదు, ఇంగ్లీషు రాదు. అయినా ఆ నవ్వు ఏమిటో వాళ్ళకు తెలుసు.

"పాపం, మనం వెళ్ళి వాళ్ళ సంస్కృతిని పాడు చేస్తున్నాం" అనేవాళ్ళున్నారు. మంచి మనసుతోనే అంటారు. నేను మాత్రం ఒప్పుకోను. ఆ మాటలో హింబాలు మనం ముట్టుకుంటే మాసిపోయే గాజు బొమ్మలన్న భావన ఉంది. వాళ్ళ చరిత్ర చూస్తే అలాంటిదేం లేదు. హెరెరోలు వాళ్ళ రక్తబంధువులే. ఆ పొడవాటి గౌను పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్ మిషనరీల ఇళ్ళ నుంచి హెరెరో ఆడవాళ్ళకు వచ్చింది. 1904 నుంచి 1908 దాకా అప్పుడు ఆ దేశాన్ని ఏలుతున్న అదే జర్మన్ల సైన్యం హెరెరోలను, నామా తెగవాళ్ళను వేలకు వేలుగా చంపింది. ఆ ఊచకోతను జర్మనీ 2021లో గానీ జెనోసైడ్ అని ఒప్పుకోలేదు. అయినా ఆ గౌనును హెరెరోలు తమదిగా చేసుకున్నారు. హింబాలు 1980ల మొదట్లో వచ్చిన కరువులో నూటికి తొంభై పశువుల్ని పోగొట్టుకున్నారు. అదే సమయంలో వాళ్ళ నేల మీద, దక్షిణాఫ్రికా పాలన నుంచి బయటపడే స్వాతంత్ర్య యుద్ధం నడుస్తోంది. పశువులు లేక ఒపువోకు చేరి సాయం పిండి తిన్నవాళ్ళున్నారు. దక్షిణాఫ్రికా సైన్యంలో కూలికి చేరినవాళ్ళున్నారు. తర్వాత మళ్ళీ మందలు కూడబెట్టుకున్నారు, మళ్ళీ ఒత్జిజే నూరుకున్నారు. ఇంత చూసినవాళ్ళను మన సెల్‌ఫోన్ పాడు చేస్తుందా? ఇవాళ హింబా అమ్మాయిల జడల చివర కుచ్చుల్లో కొట్లో కొన్న సవరం కూడా ఉంటుంది. అదీ హింబా జడే. ఆవిడ చేతిలో ఫోన్ ఉన్నా ఆవిడ హింబాయే. ఫోన్ తీసేసిన మా ఫోటోలే అబద్ధం.

వాళ్ళు కాదనడం ఎరగనివాళ్ళు కూడా కాదు. 1990లో స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో నమీబియా ప్రభుత్వం ఎపుపా జలపాతం దగ్గర కునేనే నది మీద పెద్ద జలవిద్యుత్ ఆనకట్ట కట్టాలనుకుంది. పచ్చిక బయళ్ళు, నది ఒడ్డు తాటి చెట్లు, అన్నిటికన్నా ముఖ్యంగా పూర్వీకుల సమాధులు మునిగిపోతాయి. వాళ్ళకు సమాధి అంటే ఒక రాతి గుర్తు మాత్రమే కాదు. ఈ నేల ఎవరిదన్న తగవు వస్తే, ఇక్కడ ఎవరి తాతలు పడుకున్నారు అన్నదే సాక్ష్యం. వాళ్ళ పెద్ద హికుమినుయే కపికా యూరప్ దాకా వెళ్ళి వద్దని చెప్పి వచ్చారు. ఆ ఆనకట్ట ఆగింది. తర్వాత దిగువన బేన్స్ కొండల దగ్గర ఇంకో ఆనకట్ట ప్రతిపాదన వస్తే, 2012లో హింబా పెద్దలు ఆఫ్రికన్ యూనియన్‌కు, ఐక్యరాజ్యసమితికి రాసి పంపారు, ఒకంగ్వాటి ఊళ్ళో నిరసన ఊరేగింపు తీశారు. ఇది చదివినప్పుడు నాకు మన పాపికొండల లాంచీ ప్రయాణం గుర్తొచ్చింది. పేరంటాలపల్లిలో దిగి కొండరెడ్ల దగ్గర వెదురు పూలు కొనుక్కుని, ఫోటోలు దిగి, లాంచీలో భోంచేసి వచ్చేశాం. పోలవరం ముంపులో పోయే ఊళ్ళ మధ్య నుంచే వెళ్తున్నామని తెలిసీ, మీరేమంటున్నారని అక్కడ ఒక్కర్నీ అడగలేదు.

అండమాన్‌లో జారవా తెగవాళ్ళ సంగతి ఇంకా దారుణం. వాళ్ళ అడవి మధ్య నుంచి రోడ్డు వేశాం. బండ్లు వరస కట్టాయి. తిండి చూపించి వాళ్ళ ఆడపిల్లల చేత డాన్స్ చేయించిన వీడియో 2012 జనవరిలో బయటికొచ్చింది. రోడ్డు మీద వెళ్ళే బండిని జారవాలు ఎలా రావద్దంటారు? అక్కడ మర్యాదగా చూసి రావడమంటూ ఉండదు, అసలు వెళ్ళకపోవడమే మర్యాద. హింబాల పరిస్థితి అది కాదు. వాళ్ళు ఊళ్ళోకి వచ్చి సరుకులు కొనుక్కుంటారు, ఓట్లు వేస్తారు, కోర్టుకెక్కుతారు, బేరమాడతారు. అందుకే హింబాల ఊరికి అసలు వెళ్ళొద్దని నేను మా తమ్ముడికి చెప్పను.

నమీబియాలో 1996లో ఒక మంచి చట్టం వచ్చింది. ఊళ్ళవాళ్ళు కలిసి తమ ప్రాంతానికి హద్దులు గీసుకుని, కమిటీ వేసుకుని కన్సర్వెన్సీగా నమోదైతే, ఆ నేల మీది వన్యప్రాణుల మీదా టూరిజం మీదా వచ్చే ఆదాయంలో హక్కు వాళ్ళకే ఉంటుంది. లాడ్జి పెట్టేవాళ్ళు వాళ్ళతో ఒప్పందం రాసుకోవాలి. ఇప్పుడు దేశంలో అలాంటివి 80కి పైగా ఉన్నాయి. కునేనేలో పురోస్, మారియన్‌ఫ్లుస్ లాంటివి హింబాల నేల మీదివే. కొన్ని కన్సర్వెన్సీల ఆడవాళ్ళు ఒముంబిరి చెట్టు నుంచి దానంతటదే కారి రాలిన బంకను ఏరి అమ్ముతారు. ఒపువోలో దాన్నుంచి తైలం తీసి విదేశాల అత్తరు కంపెనీలకు పంపుతారు. ఇది నాకు బాగా నచ్చింది. మేకల వెంట వెళ్తూ ఏరుకోవచ్చు, ఎవరి కెమెరా ముందూ కూర్చోనక్కర్లేదు. ఇలా వేరే దారిన ఇంటికి డబ్బు వచ్చే ఆవిడ ఫోటో వద్దని ధైర్యంగా అనగలదు. కమిటీల్లో గొడవలు ఉంటాయి, డబ్బు అందరికీ సమంగా చేరదు, ఊళ్ళో పెద్దల ఇళ్ళకే ఎక్కువ వెళ్తుందన్న ఫిర్యాదులు ఉంటాయి. మన పంచాయతీలు తెలిసినవాళ్ళకు ఇది కొత్తేం కాదు.

రెండోసారి 2022 జూన్‌లో వెళ్ళాం, నేనూ మావారూ. ఈసారి గైడ్ హింబా కుర్రాడు. ఒపువోలో హాస్టల్లో ఉండి చదువుకున్నాడు. బడిలో చేర్చుకోవాలంటే జడ తీసేయమన్నారట. తొమ్మిదేళ్ళప్పుడు తీయించుకున్న ఆ జడ గురించి చెబుతూ కాసేపు మాట్లాడలేకపోయాడు. ఎపుపా దారిలో తన మేనమామ వాళ్ళ ఊరికి తీసుకెళ్ళాడు. బండిని ముళ్ళకంచె బయటే, బాగా దూరంగా ఆపాడు. తనొక్కడే లోపలికెళ్ళాడు. మేం ఎండలో దాదాపు గంట కూర్చున్నాం. మావారికి కాస్త టెన్షన్ వచ్చింది, రమ్మంటారో లేదోనని. ఆ గంటసేపూ రమ్మనడం మానడం వాళ్ళ చేతుల్లో ఉందని మాకు బాగా అర్థమైంది.

లోపలికి వెళ్ళాక మొదట పలకరింపులు. "మోరో" అనాలి, "పెరివి" అని బాగోగులు అడగాలి, "నావా" అని జవాబు వస్తుంది. ఈ మూడు మాటలు నేర్చుకోవడానికి మూడు నిమిషాలు చాలు. మొదటిసారి మా ఎనిమిది మందిలో ఒక్కరం కూడా నేర్చుకోలేదు. ఊరి మధ్యలో ఒకురువో ఉంటుంది. అది పూర్వీకుల నిప్పు. ఇంటిపెద్ద ఆ నిప్పు దగ్గర కూర్చుని పెద్దల ద్వారా దేవుడు ముకురుకు తన మాట చేరవేస్తాడు. ఆయన గుడిసె, ఆ నిప్పు, పశువుల దొడ్డి ఒక వరసలో ఉంటాయి. ఆ గుడిసెకూ నిప్పుకూ మధ్య, నిప్పుకూ దొడ్డికీ మధ్య పరాయివాళ్ళు అడ్డంగా నడవకూడదు. శివాలయంలో నందికీ లింగానికీ మధ్య నడవని మనకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. దూరం నుంచి చూస్తే అది నాలుగు కట్టెలు, కాస్త బూడిద. మొదటిసారి మా బండి ఎక్కడ ఆగిందో తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఇంటిపెద్ద భార్య సొరబుర్రలో పాలు పోసి తాడుకు వేలాడదీసి ఊపుతూ వెన్న తీస్తోంది. తల మీద మేకతోలుతో చేసిన ఎరెంబే ఉంది, పెళ్ళయిన ఆడవాళ్ళ గుర్తు అది. నన్నూ ఊపమంది. నాలుగు ఊపులకే చెయ్యి లాగింది. ఆవిడ నవ్వింది. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది, నేను కాదు, ఆవిడే. పిల్లలెంతమంది, పెళ్ళికి ఎన్ని ఆవులిచ్చారు, ముక్కుకు ఆ రాయి ఎవరు పెట్టారు, మొగుడు ఎందుకంత తక్కువ మాట్లాడతాడు. మా పెళ్ళికి అటునుంచి ఆవులు రాలేదని, మా నాన్నే ఇటునుంచి డబ్బిచ్చాడని చెబితే గైడ్‌తో రెండుసార్లు అడిగి కనుక్కుంది, తను సరిగ్గా విన్నదో లేదోనని. మాకు గోత్రం తండ్రి నుంచే వస్తుందన్నాను. వాళ్ళల్లో ప్రతి మనిషికీ రెండు వంశాలు, తల్లి వైపు ఒకటి, తండ్రి వైపు ఒకటి. నిప్పు, కొన్ని రంగుల పశువుల పట్టింపులు తండ్రి వైపు నుంచి వస్తాయి. పశువుల ఆస్తి ఎక్కువగా తల్లి వైపు నుంచి దిగుతుంది. "మరి మీ అమ్మ వైపు నుంచి నీకేం వచ్చింది?" అని అడిగింది. నాకు జవాబు దొరకలేదు.

ఫోటోల మాట సాయంత్రం దాకా రాలేదు. వచ్చినప్పుడు ఆవిడే చెప్పింది, తనను తీయొచ్చు, పెద్ద కూతుర్ని వద్దు. తీసినవి చూపించమంది, ఒకటి నచ్చక తీసేయమంది, తీసేశాను. ఇక నేను మళ్ళీ కెమెరా ఎత్తితే "ఒపువో" అంది. ఒపువో పట్టణం పేరుకు అర్థం అదే, చాలు అని. కెమెరా సంచిలో పెట్టేశాను. పిండీ నూనే ఇంటిపెద్దకు ఇచ్చాం, ఊరికి ఇవ్వాల్సిన డబ్బు ఆయనకే అందరి ముందూ ఇచ్చాం, గాజులు ఎవరు చేసినవి వాళ్ళ దగ్గరే కొన్నాం.

ఒరేయ్ తమ్ముడూ, ఇది నీకోసం. వాళ్ళ భాష వచ్చిన గైడ్ లేకుండా వెళ్ళకు. నలభై నిమిషాల టూరు అయితే మానెయ్, ఆ డబ్బుతో ఒపువోలో గాజులు కొనుక్కో. చాక్లెట్లు పట్టుకెళ్ళి పిల్లలకు పంచకు. అక్కడ పంటి డాక్టరు లేడు, పైగా బండి చప్పుడు వినగానే పిల్లలు మేకల్ని వదిలేసి రోడ్డుకు పరిగెత్తడం అలవాటవుతుంది. ఫోటోకి ఒప్పుకున్నారు కదా అని ఇన్‌స్టాలో పెట్టేయకు. ఆవిడ ఒప్పుకున్నది నీ కెమెరాకు. కింద కామెంట్లు రాసే లక్ష మందికి ఆవిడ ఒప్పుకోలేదు. రొమ్ము మీద బట్ట లేకపోవడం ఆవిడ వాకిట్లో మామూలు సంగతి, మనవాళ్ళ ఫోన్లలో అది మామూలుగా ఉండదని నీకూ తెలుసు. ఆడపిల్లల ఫోటోలైతే అసలు తీయొద్దు. నా మొదటి ప్రయాణం ఫోటోలు ఫేస్‌బుక్‌లో మూడేళ్ళున్నాయి. 2022లో తిరిగొచ్చిన వారమే తీసేశాను. ఎవరెవరు దాచుకున్నారో, ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో మాత్రం నా చేతుల్లో లేదు.

ఆ రాత్రి కంచె బయట టెంటు వేసుకున్నాం. మర్నాడు పొద్దున్న మళ్ళీ రమ్మని, ఒత్జిజే నూరడం చూపిస్తామని వాళ్ళు ముందురోజు అన్న మాట. తెల్లవారకుండానే గైడ్ వచ్చి, ఇవాళ రావద్దంటున్నారని చెప్పాడు. ఒక ఆవుకు బాగా లేదట, ఇంటిపెద్ద నిప్పు దగ్గర కూర్చోవాలట. డబ్బు వెనక్కి ఇవ్వమంటారా అని కూడా అడగమన్నారట. వద్దన్నాం. టీ కాచుకుని టెంటు విప్పుతుంటే కంచె లోపలి నుంచి సన్నగా పొగ లేస్తోంది. బండిని రివర్సులో నెమ్మదిగా, చప్పుడు చేయకుండా రోడ్డు దాకా పోనిమ్మన్నాడు గైడ్.